పదిన్నర విమానంలో గురువమ్మ

కోలారు బంగారు గనుల కార్మికులుండే ఊరిగాం లైనిండ్లలో గురువమ్మ మాట నమ్మినవాళ్ళు లేరు. అలాగని విననివాళ్ళూ లేరు. సాయంత్రం బిందెలు వరసపెట్టాక కొళాయిలో నీళ్ళు వచ్చేదాకా ఆడవాళ్ళకు ఆమె నోరే కాలక్షేపం. ఇంటి వెనక పిల్లపాము కనిపిస్తే, గురువమ్మ నోట కొళాయి దాకా వచ్చేసరికి అది పడగ విప్పి, మీసాలు పెంచి, ఆమెను పేరు పెట్టి పిలిచేది. కట్టెలకు పోతే దారిలో చిరుత ఎదురొచ్చి, ఈమెను చూసి, పక్కకు తప్పుకుని దారి ఇచ్చేది. గోరంతను కొండంత చేయడం లోకంలో చాలామందికి చేతనవును. గోరు కూడా లేనిచోట కొండను నిలబెట్టడం మాత్రం గురువమ్మకే చెల్లింది.

విన్నంతసేపూ నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. అయిపోగానే "పోవే కోతలదానా" అని నవ్వి బిందెలెత్తుకునేవాళ్ళు. ఆ నవ్వంటే ఆమెకు ప్రాణం. చిక్కల్లా ఎక్కడంటే, నిజం చెప్పినా అదే నవ్వు. ఒకసారి చలిజ్వరంతో మంచం పట్టి లేచి కొళాయి దగ్గరికొచ్చి, "చావు దాకా పోయొచ్చినానక్కా" అంటే అందరూ పగలబడి నవ్వారు. ఆ రోజు ఖాళీ బిందెతో ఇంటికొచ్చి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తను చెప్పింది విని ఎవరైనా "అవునా" అంటే ఎట్లా ఉంటుందో చూడాలని ఆమె కోరిక.

అటువంటి గురువమ్మకు విమానం ఎక్కే యోగం పట్టింది.

గనులు సర్కారు చేతికి వచ్చి ఏళ్ళు గడిచాయి. ఏటా సేఫ్టీ వారం జరుగుతుంది, లడ్లు పంచుతారు, ఉపన్యాసాలిస్తారు. ఆ ఏడు మాత్రం కొత్తగా ఒక పని చేశారు. ఏడాది పొడుగునా దెబ్బ తగలకుండా పనిచేసినవాళ్ళందరి టోకెన్లూ ఒక డ్రమ్ములో వేసి తిప్పారు. టోకెనంటే గనిలోకి దిగే ముందు మనిషి ఆఫీసులో ఇచ్చి, ప్రాణాలతో పైకొచ్చాక తిరిగి తీసుకునే ఇత్తడి బిళ్ళ. ఆ డ్రమ్ములోంచి పెద్ద దొరసాని చేతికి గురువమ్మ మొగుడు హనుమంతప్ప బిళ్ళ వచ్చింది. మొదటి బహుమతి దంపతులిద్దరికీ బెంగళూరు నుంచి మద్రాసుకు విమాన ప్రయాణం. రెండోది మూతున్న స్టీలు బకెట్టు. భూమిలోపల బండలు కూలకుండా దుంగలు నిలబెట్టే పని హనుమంతప్పది. ఆయన ఆ బకెట్టు వైపు చాలాసేపు ఆశగా చూశాడు.

గురువమ్మకు ఆ సాయంత్రం కాళ్ళు నేలమీద ఆగలేదు. బిందె తీసుకోవడం కూడా మరిచిపోయి కొళాయి దగ్గరికి పరిగెత్తింది.

"నేను విమానం ఎక్కతాండాను!"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా మారమ్మ నవ్వింది. మారమ్మ హనుమంతప్పకు పెద్దమ్మ కూతురు, ఆ వరసన గురువమ్మకు వదిన. కొళాయి దగ్గర ఎవరు ముందో ఎవరు వెనకో తేల్చే పెత్తనం ఆమెది. వరస తప్పిన బిందె ఏ నాయకుడి పెండ్లాందైనా సరే, కాలితో పక్కకు నెట్టేస్తుంది. అబద్ధం ఆడదు, ఆడేవాళ్ళను వదలదు.

"పోయిన నెల చిరుత దారిచ్చె. ఈ నెల విమానమా?" అంది మారమ్మ.

గురువమ్మ ఇంటికి ఉరికి టికెట్లు తెచ్చి చూపించింది. మారమ్మ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేసింది.

"టికెట్టుంటే ఎక్కినట్టా? బెంగళూరు దాకా పోతావు. దాన్ని చూసి దడుసుకుంటావు. కమ్మగా రైలెక్కి మద్రాసు పోయి, ఈడికొచ్చి మేఘాల కథ చెప్తావు. నా తమ్ముడా, నువ్వు తలాడించమంటే ఆడిస్తాడు. సాక్ష్యం ఏముండాది?"

ఏం తెచ్చినా అది బజారులో దొరికేదే అంటారు. ఏం చెప్పినా కోతే అంటారు. గురువమ్మ నీరుగారిపోయి నిలబడింది.

అప్పుడు చిక్కమ్మ కల్పించుకుంది. చిక్కమ్మ శ్రీనివాసపురం మామిడితోపుల వైపు నుంచి ఆ లైనుకు కొత్తగా వచ్చిన కోడలు. "మద్రాసు విమానం దినామూ మన నెత్తిమీదే కదత్తా పోయేది? మనం సైనైడు దిబ్బ మీద అన్నీ ఒకే రంగు చీరలు పరుస్తాం. ఏ రంగువో ముందుగా చెప్పం. పైనించి చూసి వచ్చి, అక్క రంగు చెప్పనీ."

అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. సైనైడు దిబ్బ అంటే సైనైడుతో బంగారం తీసేశాక మిగిలిన పొడి మట్టిని ఏళ్ళ తరబడి పోయగా లేచిన తెల్లటి గుట్ట. పచ్చిక మొలవదు, చెట్టు లేదు. ఇరవై చీరలు అంచులు కలిపి పరిస్తే దేవుడికైనా కనబడి తీరుతాయి.

మారమ్మ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని తీర్పు చెప్పింది. "సరి. రంగు సరిగ్గా చెప్తే ఇందరి ముందర 'నమ్మినాను' అంటాను. నువ్వు ఇంగ ఏం చెప్పినా నవ్వేవాళ్ళుండరు, అది నా పూచీ. తప్పు చెప్పినావో, ఈ కొళాయి కాడ నువ్వింగ నోరు తెరవకూడదు. సుమ్మనె వచ్చి, సుమ్మనె పట్టుకుని, సుమ్మనె పోవాల."

కొళాయి దగ్గర మాట్లాడకపోతే ఇంక బతికేం లాభం? అయినా గురువమ్మ "సరే వదినా" అనేసింది. నోరు ఎప్పుడూ ఆమె కంటే ముందే పరిగెత్తుతుంది.

ఇక మిగిలింది విమానం ఊరిగాం మీదికి ఎన్నింటికి వస్తుందన్న లెక్క. పొద్దుననుంచీ దిబ్బ మీద ఎండలో కూర్చోవడం ఎవరివల్ల అవుతుంది? ఆ లెక్క తేల్చడానికి టోకెన్ ఆఫీసు నంజుండప్పను పిలిచారు. ఎవడు ఎన్నింటికి దిగాడు, ఎన్నింటికి ఎక్కాడు అన్నది ఆయన నోటి మీదే ఉంటుంది. నంజుండప్ప పిల్లల అట్లాసు ఒకటి తెప్పించి, హనుమంతప్ప ఇంటి అరుగు మీద పరిచి, బెంగళూరు నుంచి మద్రాసుకు ఒక దారం లాగి పట్టాడు.

"రోడ్డు దూరం వేరు, గాలి దూరం వేరు," అన్నాడు. "రోడ్డు కోలారు మీద పోయి, ముళబాగిలు మీద పోయి, చిత్తూరును పలకరించి, వంకరలు తిరిగి పోతుంది. విమానానికి ఆ పెత్తనాలు లేవు. గనిలోకి దిగే నిలువు శాఫ్టును తీసి అడ్డంగా పడుకోబెట్టినామనుకో, అదే దాని దారి. ఇదో చూడండి, దారం మన ఊరిగాం మీదనే పోతాండాది. మొత్తం దారిలో మనది నాలుగో వంతు."

దారం నిజంగానే ఊరిగాం మీదుగా పోతోంది. చూసినవాళ్ళకు ఒళ్ళు పులకరించింది. ఇన్నాళ్ళూ తాము దేశం పటంలో ఒక దారం కింద ఉన్నామని ఎవరికీ తెలియదు.

"ఇంగ టైము," అన్నాడు నంజుండప్ప. "టికెట్టులో ఏముండాది? పదిన్నరకి బయలుదేరేది, పదకొండుంబావుకి చేరేది. ముప్పావుగంట. ఇది బ్యాంక్ టు బ్యాంక్ లెక్క."

అరుగు మీద ఉన్న మగవాళ్ళందరూ అవునన్నట్టు తలలూపారు. గనిలో బ్యాంకు అంటే శాఫ్టు పైమొగం, నేలమట్టం. ఎనిమిది గంటల షిఫ్టు అంటే టోకెను ఇచ్చిన నిమిషం నుంచి తిరిగి తీసుకున్న నిమిషం వరకు. శాఫ్టులో మనుషుల్ని దించే కేజు కోసం వరసలో నిలబడింది, అందులో వేల అడుగులు దిగింది, సొరంగంలో నడిచింది, మళ్ళీ అంతా ఎక్కి వచ్చింది, అన్నీ ఆ ఎనిమిది గంటల్లోనే. పనిముట్టు చేత్తో పట్టుకునేది అందులో సగం. మూడు తరాలుగా ఆ లైనులో కాలాన్ని కొలిచింది అట్లాగే. ఇంకో రకంగా కొలిచేవాళ్ళు ఉంటారన్న అనుమానం అక్కడ ఒక్కరికీ రాలేదు.

"అంటే పదిన్నరకి గేటు కాడ టికెట్టు ఇస్తారు," అని వివరించాడు నంజుండప్ప. "ఇంగ లైన్లో నిలబడాల. మెట్లెక్కాల. కూచోవాల. తలుపు మూయాల. గంట కొట్టాల. దానికి ఇరవై నిముషాలు. ఆ పక్క దిగేదానికి పది నిముషాలు. గాల్లో ఉండేది పావుగంట."

"పావుగంటలో మద్రాసా!" అన్నాడు హనుమంతప్ప.

"విమానమంటే ఏమనుకున్నావప్పా? నీ ఎద్దులబండా? పావుగంటలో నాలుగో వంతు మనది. పదకొండుకు ఐదు నిముషాలుండంగా మన నెత్తి మీద ఉంటుంది. పదిముక్కాలుకి మీరు దిబ్బ ఎక్కండి. అంతకంటే ముందు ఎక్కినారంటే ఎండకు మాడేది మీరే."

లెక్క కుదిరింది. గురువమ్మ కూడా దాన్ని మంత్రంలాగా నోటికి పట్టింది.

ఆ రోజు తెల్లవారి మొదటి బస్సులో బెంగళూరు చేరారు. గురువమ్మ పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుంది. హనుమంతప్ప సేఫ్టీ వారం ఫొటోకు వేసుకున్న తెల్లచొక్కా వేసుకున్నాడు. విమానాశ్రయంలో అడుగు పెట్టగానే గురువమ్మకు నవ్వు ఆగలేదు. నేల అద్దంలాగా ఉంది, జారుతుందేమోనని ఇద్దరూ చేతులు పట్టుకుని నడిచారు. ఎవరినీ ఏమీ అడగనవసరం లేదు. ప్రతి వాళ్ళూ నవ్వుతూ వచ్చి దారి చూపించేవాళ్ళే. ఇంత మర్యాద చూసి హనుమంతప్పకు అనుమానం కూడా వచ్చింది. "గనిలో పెద్ద ప్రమాదమైన దినమే ఇంత మర్యాద చేస్తారు," అన్నాడు.

ఒక గుమాస్తా టికెట్లు తీసుకుని అట్టముక్కలు చేతికిచ్చాడు. గురువమ్మ వాటిని టోకెన్లే అనుకుని ముడివేసి కొంగున కట్టుకుంది. తర్వాత ఆ ముడి విప్పడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. వరసలో నిలబడ్డారు, మెట్లెక్కారు, కిటికీ పక్కన గురువమ్మ, ఆ పక్కన హనుమంతప్ప కూర్చున్నారు. నడుముకు పట్టీ బిగించారు. హనుమంతప్ప మాత్రం తల పైకెత్తి ఆ కప్పునే చూస్తున్నాడు.

"ఏం చూస్తాండావు?"

"తాడు యాడుండాది?"

"తాడేంది?"

"కేజుకు తాడుంటుంది. పైన ఇంజను, ఇంజను కాడ మనిషి. వాడు తాగి వచ్చినాడా లేదా అని మొగం చూసి ఎక్కుతాం. దీనికి తాడే లేదు గురువా!"

ఆమె పకపకా నవ్వింది. అంతలో చెవులు గింగుర్లెత్తే మోత మొదలై విమానం కదిలింది. కదిలినందుకు సంతోషించి చప్పట్లు కొట్టబోయిన గురువమ్మ చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

"ఏమయ్యా, టైమెంత?"

హనుమంతప్ప గడియారం చూశాడు. "పదిన్నర."

"పదిన్నరకి గేటు కాడ టికెట్టు ఇయ్యాల కదా? మనం ఇచ్చేసినాం. నిలబడేసినాం. ఎక్కేసినాం. కూచునేసినాం. ఇప్పుడు పదిన్నరా?"

హనుమంతప్ప గడియారాన్ని ఇంకోసారి చూశాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో రాసిన టైముకు బయలుదేరిన వస్తువును ఆయన చూడటం అదే మొదలు.

"ఇది బ్యాంక్ టు బ్యాంక్ కాదు!" అని గురువమ్మ కేకవేసింది. ముందు సీట్లవాళ్ళు తిరిగి చూశారు. "ఇది ఇప్పుడే పోతాండాది! పదిముక్కాలుకే ఊరిగాం వచ్చేస్తుంది! మన వాళ్ళు ఇంగా దిబ్బ కింద ఉంటారు!"

తట్టలో పిప్పరమెంటు బిళ్ళలూ, చెవుల్లో పెట్టుకునే దూదీ పెట్టుకుని నవ్వుతూ వచ్చిన విమానం అమ్మాయి చెయ్యి గురువమ్మ గట్టిగా పట్టేసుకుంది. "అమ్మణ్ణీ, నీ కాళ్ళకు మొక్కుతాను. కొంచెం నిదానంగా పోనిమ్మని డ్రైవరుకు చెప్పమ్మా. పది నిముషాలు చాలు. మా వదిన మోకాళ్ళ నొప్పి మనిషి, దిబ్బ బేగ ఎక్కలేదు."

ఆ అమ్మాయికి ఎంతవరకు అర్థమైందో గాని, రెండు బిళ్ళలు ఎక్కువ ఇచ్చి, భుజం తట్టి, పోయి తన సీట్లో కూర్చుని పట్టీ బిగించుకుంది. విమానం పరుగందుకుంది. వీపు సీటుకు అతుక్కుపోయింది. కిటికీలో నేల ఒక్కసారిగా పక్కకు వాలి కిందికి జారిపోయింది, దాంతోబాటు గురువమ్మ దిగులు కూడా జారిపోయింది. నవ్వొచ్చింది. ఆపుకుంటే ఇంకా వచ్చింది. చెవులు దిబ్బెడ వేసి తన నవ్వు తనకే ఎక్కడో దూరం నుంచి వినిపించింది.

"మింగు, ఉమ్మి మింగు," అన్నాడు హనుమంతప్ప. "కేజులో దిగేటప్పుడూ ఇట్లే అవుతుంది."

"ఇంత బాగుంటుందా కేజు? ఇన్నేండ్లూ చెప్పలేదే!"

ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చిన్న గొంతుతో అన్నాడు. "ఇన్నేండ్లూ తలమీద బండ ఉండాదని భయపడినాను గురువా. ఇప్పుడు తలమీద ఏమీ లేదని భయమైతాండాది."

గురువమ్మకు మొగుడి మీద అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు. ఒక బిళ్ళ విప్పి ఆయన నోట్లో పెట్టింది.

కింద చెరువులు ఒకదాని వెనక ఒకటి మెరుస్తున్నాయి. మామిడితోపులు నల్లగా, రాగి చేలు పచ్చగా, మధ్యలో ఎర్రటి దారులు. ఇంత చోటులోనా మనం ఇన్ని తగాదాలు పడేది అనుకుంది. అంతలో దూరాన తెల్లగా ఏదో తేలింది. గుట్టలు. గుట్టల పక్కన అగ్గిపుల్లలు నిలబెట్టినట్టు శాఫ్టుల చక్రాల గోపురాలు.

"ఊరిగాం! అదో మన ఊరిగాం!"

హనుమంతప్ప కళ్ళు తెరవకుండానే "టైము పదీ నలభై నాలుగు అయ్యుంటుంది" అన్నాడు. తర్వాత ఒక కన్ను తెరిచి గడియారం చూసుకుని, సరిగ్గా అంతే అయినందుకు మళ్ళీ మూసుకున్నాడు.

గురువమ్మ ముక్కు అద్దానికి ఆనించి చూసింది. దిబ్బ స్పష్టంగా కనబడుతోంది. ఎండలో తెల్లగా, ఉతికి ఆరేసినట్టు ఉంది. ఎరుపు లేదు. పసుపు లేదు. ఆకుపచ్చ లేదు. ఒక్క చీరముక్క లేదు. ఈ కొస నుంచి ఆ కొసకు చూపు పరిగెత్తించింది. ఖాళీ. రెక్క కిందికి దిబ్బ జారిపోయింది, లైనిండ్లు జారిపోయాయి, ఊరిగాం అయిపోయింది.

రానేలేదు అనుకుంది గురువమ్మ. టైము తప్పని తెలిసీ, గుండె ఆ మాట వినలేదు. ఎవరో ఒకరు ముందుగా వచ్చి ఉంటారని, చిక్కమ్మ అన్నా తొందరపడి ఎక్కి ఉంటుందని లోపల్లోపల ఆశ పడింది. నోట్లో బిళ్ళ తీపి పోయింది.

మద్రాసులో దిగారు. సముద్రం చూశారు. మామూలుగా అయితే ఆ సముద్రం ఒక్కటి చాలు గురువమ్మకు, కొళాయి దగ్గర ఏడాది పాటు కథలు చెప్పడానికి. ఇప్పుడు కాళ్ళు అలల్లో పెట్టి, "ఏ రంగు పరిచుంటారయ్యా?" అని మాత్రమే అడిగింది.

మరునాడు రైల్లో తిరుగు ప్రయాణం. హనుమంతప్పకు చక్రాల కింద పట్టాలు తగలగానే ప్రాణం లేచి వచ్చింది, బుర్ర కూడా పనిచేయడం మొదలుపెట్టింది.

"ఎరుపని చెప్పు. లైన్లో అందరికాడా ఎర్రచీరలే ఎక్కువ."

"తప్పైతే?"

"తప్పైతే నోరు మూసుకుంటావు. ఏమీ చెప్పకపోయినా నోరు మూసుకోవాల్సిందే కదా? చెప్పి చూడు. నీకు కోతలు కొత్తా?"

మాట నిజమే. బంగారుపేట వచ్చేదాకా గురువమ్మ ఎరుపును నోట్లో తిప్పి చూసుకుంది. ఎర్రగా నెత్తురు మడుగులాగా కనబడిందక్కా. కాదు, కుంకుమ చల్లినట్టు. చిలవలూ పలవలూ వాటంతట అవే పుట్టుకొస్తున్నాయి. అంచు రంగు కూడా చెప్పగలదు. కానీ ప్రతిసారీ కళ్ళముందు ఆ ఖాళీ దిబ్బ వచ్చి నిలబడుతోంది. ఎన్ని లేనివి చెప్పింది ఇన్నేళ్ళలో! అవన్నీ చూడనివి. ఇది చూసింది. చూసినదాని మీద అబద్ధం ఎక్కించబోతే ఎందుకో నాలుక ఎదురు తిరుగుతోంది.

సాయంత్రం ఊరిగాం స్టేషన్లో దిగి లైను మలుపు తిరిగేసరికే కొళాయి దగ్గర గోల వినిపించింది. బిందెలు వరసలో ఉన్నాయి. ఆడవాళ్ళందరూ ఉన్నారు. నంజుండప్ప కూడా చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడి ఉన్నాడు. గురువమ్మ కనబడగానే నవ్వు లేచింది. మారమ్మ ముందుకొచ్చింది.

"వచ్చినావా తల్లీ మేఘాల్లోనించి? పదకొండుకు ఐదు నిముషాలకు వస్తానన్నావు. చీరలు పరిచి, నాలుగు కొసలా రాళ్ళు పెట్టి, మధ్యాన్నం సైరను కూసేదాకా ఎండలో నిలబడినాం. విమానం కాదు గదా, కాకి కూడా పోలే. నా మోకాలు ఇంత లావు వాచింది. ఏ రైలెక్కినావు చెప్పు."

నవ్వులు. హనుమంతప్ప ఏదో అనబోతే "నువ్వుండప్పా" అని తమ్ముణ్ణి ఆపేసింది.

"పందెం పందెమే. చెప్పు. ఏ రంగు?"

గురువమ్మ అందరి మొగాలూ చూసింది. పక్కనుంచి హనుమంతప్ప మోచేత్తో పొడిచాడు. ఎరుపు, నాలుక చివరే ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏ రంగూ లేదు వదినా," అంది. "దిబ్బ ఖాళీగా ఉండాది. చీర లేదు, మనిషి లేదు. మొగం అద్దానికి అంటించి చూసినాను. ఒక్కరు కూడా రాలే."

ఎవరూ నవ్వలేదు. గురువమ్మే మళ్ళీ చెప్పింది. "నంజుండప్పన్న లెక్క తప్పు. అది బ్యాంక్ టు బ్యాంక్ కాదు. ముందే అందరినీ ఎక్కించేసి, పదిన్నర కొట్టంగానే లేచిపోయింది. పదిముక్కాలు కాకముందే ఊరిగాం దాటేసినాం. మీకు ఏమీ చేయలేకపోతిని. చూసింది ఇంతే."

చిక్కమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో అక్కా! ఆ విమానం!"

ఆడవాళ్ళు ఒకరి మొగాలు ఒకరు చూసుకున్నారు. దిబ్బ కింద చీరల మూటలు నెత్తిన పెట్టుకుని, పసుపు పరచాలా నీలం పరచాలా అని కొట్లాడుకుంటుంటే పైన మోత వినబడింది. చిక్కమ్మ తలెత్తి చూపించింది కూడా. "అది మనది కాదు, మనదానికి ఇంగా టైముండాది," అని నంజుండప్ప అందరి తలలూ దించేశాడు. ఆ తర్వాతే ఎక్కారు, పరిచారు, ఖాళీ ఆకాశం కింద నిలబడ్డారు. ఆ విమానం పోయినప్పుడు దిబ్బ ఖాళీగా ఉన్న సంగతి దిబ్బ కింద ఉన్నవాళ్ళకు తెలియాలి, లేదా విమానంలో ఉన్నవాళ్ళకు తెలియాలి.

మారమ్మ మెల్లగా నంజుండప్ప వైపు తిరిగింది. "నీ బ్యాంకు మీద బండ పడ!" అంది. నంజుండప్పకు అర్జంటుగా టోకెన్ ఆఫీసులో పని గుర్తొచ్చింది.

అప్పుడు మారమ్మ గురువమ్మ దగ్గరికి వచ్చింది. కుంటుతూ వచ్చింది.

"పందెం లెక్కకు రంగు చెప్పాల. నువ్వు చెప్పలే," అంది. గురువమ్మ తల వంచుకుంది. "ఎరుపనో పచ్చనో ఒకటి అనేసుంటే నేను నవ్వేసి నీళ్ళు పట్టుకుని పోయుందును. చూడనిదాన్ని చూడలే అన్నావు. నీ నోట 'ఏమీ లేదు' అనే మాట నేను ఈ ఊరికి వచ్చినప్పటినించీ వినలే గురువా." తర్వాత లైనంతా వినబడేటట్టు గొంతు పెంచింది. "నమ్మినాను! నా మరదలు విమానం ఎక్కింది! నవ్వినోళ్ళ బిందె తంతాను!"

కొళాయి దగ్గర ఒక్కసారిగా కేకలు లేచాయి. చిక్కమ్మ గురువమ్మను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. ఎవరో ఒక బిందె బోర్లించి పీట వేశారు. గురువమ్మను దాని మీద కూర్చోబెట్టి చుట్టూ అందరూ నేలమీద కూలబడ్డారు. మారమ్మ కూడా వాచిన మోకాలు చాపుకుని ఎదురుగా కూర్చుంది.

"ఇంగ చెప్పు," అంది. "మొదటినించీ చెప్పు."

గురువమ్మ ఊపిరి నిండా పీల్చుకుంది. ఇన్నేళ్ళకు దొరికిన సభ. నోరు ఎప్పటిలాగే ఆమె కంటే ముందు పరిగెత్తింది.

"మేఘాల్లోకి పోయినామా, డ్రైవరు తలుపు తెరిచి నన్ను చూసినాడు. చూసి, లోపలికి రామ్మా, చక్రం పట్టుకుని చూడు అని..."

"అవునా!" అంది మారమ్మ.

గురువమ్మ ఆగిపోయింది. చుట్టూ చూసింది. ఒక్క పెదవి మీదా నవ్వు లేదు. కొళాయిలో నీళ్ళు వచ్చి ముందరి బిందె నిండి పొర్లిపోతున్నా ఒక్కరూ లేవలేదు. అందరి కళ్ళూ ఇంతింత చేసుకుని తననే చూస్తున్నాయి. విమానం నేల వదిలినప్పుడు కూడా పుట్టని భయం ఇప్పుడు పుట్టింది ఆమెకు. వీళ్ళు నమ్మేస్తారు. ఏం చెప్పినా నమ్మేస్తారు.

"లేదు వదినా," అంది గురువమ్మ సిగ్గుపడుతూ. "డ్రైవరు నన్ను పిలవలే. ఆయన మొగం కూడా నేను చూడలే."

"పోనీలే," అంది మారమ్మ, ఆమె మోకాలి మీద చెయ్యి వేసి. "చూసింది చెప్పు."